రోమన్ల విందులు: తిట్లలోంచి పుట్టిన కథలు

రోమన్ ధనికులు పీకల దాకా తిని, ‘వామిటోరియం’ అనే గదిలో కక్కి, మళ్లీ వచ్చి తినేవారని చాలామంది నమ్మకం. అలాంటి గది ఏ తవ్వకంలోనూ బయటపడలేదు. 5వ శతాబ్దపు మాక్రోబియస్ రాతల్లో ఆ మాట, ప్రదర్శనశాలల్లో జనం గుంపుగా సీట్లలోకి వచ్చిపడే దారులకు పేరు. దాన్ని భోజనాలకు అంటగట్టింది ఆధునికులు. 1923లో ఆల్డస్ హక్స్‌లీ ‘యాంటిక్ హే’ నవలలోనూ ఆ తప్పే ఉంది.

అయితే నిప్పు లేనిదే పొగ రాదు. తినడానికి కక్కుతారు, కక్కడానికి తింటారని క్రీ.శ. 1వ శతాబ్దంలో సెనెకా మండిపడ్డాడు. కానీ ఆయన విలాసాలను ఏకిపారేసే తత్త్వవేత్త. ఊరందరి భోజనానికి ఆయన సాక్ష్యం చాలదు. క్లాడియస్ చక్రవర్తి తిని పడుకుంటే గొంతులో ఈక పెట్టి కక్కించేవారని రాసిన సుటోనియస్, ఆయన పోయాక పుట్టినవాడు. పైగా వాంతి మందు ఆనాటి వైద్యంలో మామూలే. పెట్రోనియస్ కథలో ట్రిమాల్కియో విందు మరీ విడ్డూరం: కోసిన పంది పొట్టలోంచి పిట్టలు ఎగురుతాయి. బానిసత్వం నుంచి బయటపడి కొత్తగా డబ్బు చేసినవాడి మీద అది వెక్కిరింత. ఎగతాళిని మనం వంటల పట్టికగా చదువుకున్నాం.

1847లో ఫ్రెంచ్ చిత్రకారుడు తోమా కుట్యూర్ తాగి సోలిన రోమన్లను భారీ చిత్రంగా గీశాడు. ఆయన గురి నిజానికి తన కాలపు ఫ్రాన్స్ మీద. 1969లో ఇటలీ దర్శకుడు ఫెలీనీ సినిమా ఆ బొమ్మకు రంగులద్దింది.

విచిత్రమేమిటంటే, అందరూ కట్టుకథ అనుకునే ఎలుక వంటకం మాత్రం నిజం. అది ఇంటి ఎలుక కాదు, ఉడతలా ఒత్తు తోకున్న అడవి జంతువు. లోపలి గోడ చుట్టూ మెట్లలాంటి అంచులున్న మట్టి కుండలో దాన్ని పెట్టి, వాల్‌నట్లు, చెస్ట్‌నట్లు వేసి, చీకట్లో కొవ్వెక్కించేవారని రోమన్ రచయిత వారో రాశాడు. ఆ కుండలు తవ్వకాల్లో దొరికాయి. విందుల్లో దాన్ని వడ్డించరాదని చట్టం కూడా వచ్చింది. తినేవాళ్లు లేకపోతే చట్టం ఎందుకు?

పక్కకు ఒరిగి పడుకుని తినడం సంపన్నుల సాయంత్రపు వైభోగం. అద్దె గదుల్లో చాలావాటికి వంటిల్లే లేదు; అక్కడ ఉండేవాళ్లకు వీధి పూటకూళ్ల దుకాణమే దిక్కు. అలాగని పేదలు జావతోనే గడిపారనడమూ సగం కథే. క్రీ.శ. 79లో వెసూవియస్ కింద పూడిపోయిన హెర్క్యులేనియంలో, దుకాణాలు, చిన్న ఇళ్ల కింది మురుగుగుంతలో వందల గోతాల మలం దొరికింది. జల్లెడ పడితే అంజూర గింజలు, చేప ముళ్లు, సముద్రపు అర్చిన్ ముక్కలు తేలాయి.