ఒత్తిడి పరీక్ష నిబంధన: ఖరగ్‌పూర్ చెప్పే పాఠం

వ్యవస్థను సాధారణ స్థాయికి మించిన భారానికి, లోపాలకు గురిచేసి పనితీరును పరిశీలించడమే ఒత్తిడి పరీక్ష. బ్యాంకులకు దీనిని రిజర్వ్ బ్యాంకు 2007లోనే నిర్దేశించింది. సాఫ్ట్‌వేర్ ఒప్పందాలలో ఈ నిబంధన పరీక్షించవలసిన భారాన్ని, ఆమోద ప్రమాణాన్ని, విఫలమైతే బాధ్యత ఎవరిదన్న అంశాన్ని ముందుగానే నిర్ణయిస్తుంది.

తెలుగు రైల్వే కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో 2017 నవంబరులో 800 రూట్ల ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ అమలులోకి వచ్చింది. ఇదే రైల్వే డివిజన్‌కు చెందిన ఒడిశాలోని బహనగా బజార్ వద్ద 2023 జూన్ 2న కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదానికి గురై 290 మందికి పైగా మరణించారు. గతంలో సిగ్నల్ సర్క్యూట్‌లో చేసిన మార్పులలోని లోపాలే కారణమని రైల్వే భద్రతా కమిషనర్ నివేదిక తేల్చింది.

కావున పరీక్ష అప్పగింతతో ముగియరాదు. ప్రతి మార్పు తరువాత తిరిగి పరీక్షించాలన్న షరతు ఒప్పందంలో ఉండాలి.