కప్పకు తెలిసిన కబురు
మా అమ్మమ్మ మంత్రసాని. నెల తప్పిన సంగతి కోడలు నోరు విప్పకముందే పసిగట్టేది. పోపు వాసనకి ముక్కు మూసుకోవడం, పొద్దుటి వేవిళ్లు, చనుమొనల చుట్టూ ముదిరే నలుపు, దొంగచాటుగా గోడమట్టి గోక్కు తినడం... అవే ఆమె పరీక్షలు.

బెర్లిన్‌లో ఆష్‌హైమ్, జోండెక్ అనే వైద్యులు 1928లో ప్రకటించిన గర్భ పరీక్ష పద్ధతి వేరు. ఆడమనిషి మూత్రాన్ని పసి ఆడ చిట్టెలుకలకు ఎక్కించి, కొన్ని రోజులకు కోసి అండాశయాలు చూసేవారు. కడుపు నిలిచినా, నిలవకపోయినా చిట్టెలుకకు మాత్రం చావే, పాపం! 1930లలో ఆఫ్రికా కప్ప వచ్చింది. అలాగే మూత్రం ఎక్కిస్తే, ఆ ఆడమనిషికి గర్భమైతే కప్ప గంటల్లోనే గుడ్లు పెట్టేది. ప్రాణంతో మిగిలేది కూడా.

ఈ కథ చెబితే అమ్మమ్మ పకపకా నవ్వింది. "కప్పెందుకే? అన్నం వార్చేటప్పుడు ఆ పిల్ల మొహం చూడు!"