రేవులో టికెట్ అడగని పడవ

పోయిన వేసవిలో మా బాబాయి, పిన్ని గుంటూరు నుంచి లండన్ వచ్చారు. పౌండు వంద రూపాయలు దాటి చాలా కాలమైంది. పిన్ని మంచినీళ్ల సీసా ధరను కూడా వందతో హెచ్చవేసి, సీసాను మళ్లీ అరలో పెట్టేసేది. రెండో రోజు పొద్దున్నే వాళ్లను వూలిచ్ రేవుకు తీసుకెళ్లాను. లారీలు, కార్లు, సైకిళ్లు, నడిచి వచ్చినవాళ్లు అందరూ ఎక్కాక పడవ థేమ్స్ దాటి అవతలి ఒడ్డుకు చేరింది. ఎవరూ టికెట్ అడగలేదు.

"దిగేటప్పుడు ఇవ్వాలేమో, కనుక్కో నాన్నా" అంది పిన్ని.

ఇవ్వక్కర్లేదు. 1889 మార్చి 23న ఈ పడవ మొదలైన రోజు నుంచీ ఇవ్వక్కర్లేదు.

లండన్‌లో తక్కువ ఖర్చుతో తిరగడం ఎలాగని అడిగే మనవాళ్లకు నేను మొదట చెప్పేది ఈ రేవు కథే. ఒకప్పుడు థేమ్స్ మీద చాలా వంతెనలు దాటాలంటే సుంకం కట్టాలి. 1877లో చట్టం చేసి, నగరవాసుల పన్నుల డబ్బుతో ఆ వంతెనలను కంపెనీల నుంచి కొని సుంకం ఎత్తేశారు. ఆ మేలు జరిగింది పడమటి వైపు వాళ్లకు. తూర్పున ఓడరేవుల్లో, ఫ్యాక్టరీల్లో చెమటోడ్చే జనానికి అసలు వంతెనే లేదు. పన్ను మేమూ కట్టాం కదా, మమ్మల్నీ ఊరికే నది దాటించండి అని వాళ్లు గట్టిగా అడిగారు. అలా వచ్చింది ఈ పడవ. ఆ తర్వాత 1902లో గ్రెనిచ్ దగ్గర, 1912లో వూలిచ్ దగ్గర నది అడుగున నడకదారి సొరంగాలు తెరిచారు. వాటి కోసం పాటుపడ్డవాళ్లలో విల్ క్రూక్స్ ఒకడు. చిన్నతనంలో కొన్నాళ్లు పేదల వర్క్‌హౌస్‌లో ఉండి, పీపాలు బిగించే పని నేర్చుకుని, కౌంటీ కౌన్సిల్ దాకా ఎదిగిన మనిషి. గ్రెనిచ్ సొరంగంలో నడుస్తుంటే నాకు ఆయనే గుర్తొస్తాడు.

ఈ ఊళ్లో ఊరికే దొరికే చాలావాటి వెనక ఇలాంటి కథ ఒకటి ఉంది. మంచినీళ్లే చూడండి. 1854లో సోహో ప్రాంతంలో కలరా వచ్చి వందల మంది చనిపోతే, బ్రాడ్ స్ట్రీట్ బోరింగు నీళ్లే కారణమని డాక్టర్ జాన్ స్నో లెక్కలు వేసి చూపించాడు. ఐదేళ్లకు, 1859లో, శామ్యూల్ గర్నీ అనే దాత పూనికతో హోబర్న్‌లో ఒక చర్చి ప్రహరీకి మొదటి ఉచిత మంచినీటి కుళాయి పెట్టారు. మన చలివేంద్రం లాంటిదే, కానీ ఏడాది పొడవునా. ఇప్పుడైతే ఇంటి కుళాయి నీళ్లే నిశ్చింతగా తాగొచ్చు. సంచిలో ఒక ఖాళీ సీసా ఉంచుకుంటే చాలు.

ప్రయాణం సంగతి. రైల్వే కంపెనీలు పట్టాల కోసం పేదల ఇళ్లు కూల్చి వాళ్లను దూరానికి తరిమాయి. అందుకు బదులుగా పనివాళ్లకు పొద్దున్నే చవక బళ్లు నడపాలని 1883లో పార్లమెంటు చట్టం చేసింది. ఇవాళ లెక్క తిరగబడింది. రైలైనా, భూగర్భ రైలైనా పనిదినాల్లో పొద్దున, సాయంత్రం రద్దీ వేళలు తప్పించి ఎక్కితేనే చవక. బస్సుకు ఆ బాధ లేదు. 2016 నుంచి ఒకసారి కార్డు తాకించాక గంటలోపు ఇంకో బస్సెక్కితే మళ్లీ డబ్బు పడదు. అయితే ఎవరి కార్డు వారికే ఉండాలి, ఒకే కార్డు ఇద్దరికీ చెల్లదు. బాబాయికి బస్సులో పై అంతస్తు ముందు సీటు దొరికితే ఇంక దిగబుద్ధయ్యేది కాదు. సాయంత్రం ఈస్ట్ హామ్‌లో దిగి ఇడ్లీలో దోసెలో తిని ఇంటికి వచ్చేవాళ్లం.

ఇక మ్యూజియాలు. 1851లో హైడ్ పార్కులో మహా ప్రదర్శన పెట్టినప్పుడు పనివాళ్లు సంఘాలుగా చేరి, వారం వారం కొన్ని పెన్నీలు దాచుకుని, చవక రైళ్లలో లండన్ వచ్చారు. వాళ్ల కోసం ప్రవేశం ఒక షిల్లింగుకు తగ్గించిన రోజులుండేవి. ఆ ప్రదర్శన మిగిల్చిన లాభంతో సౌత్ కెన్సింగ్టన్‌లో స్థలం కొన్నారు. అక్కడ 1857లో తెరిచిన మ్యూజియంలో గ్యాసు దీపాలు పెట్టించారు, పని దిగి వచ్చినవాళ్లు రాత్రిపూట చూడటానికి. ఈ తలుపులు ఎప్పుడూ తెరిచే ఉన్నాయనుకోకండి. 1974లో కొన్ని నెలలు జాతీయ మ్యూజియాలన్నిటా టికెట్ పెట్టారు. 1980ల్లో కొన్ని మళ్లీ వసూలు చేశాయి. ఎంతో వాదన జరిగాక, 2001 డిసెంబరులో వాటి శాశ్వత ప్రదర్శనలు అందరికీ ఉచితమయ్యాయి.

1759లో తలుపులు తెరిచిన బ్రిటిష్ మ్యూజియాన్ని పిన్ని కోసం చివరికి అట్టేపెట్టాను. ఆమె పుట్టిల్లు అమరావతి పక్కనే. 33ఎ గదిలో అద్దాల వెనక మన మహాస్తూపం రాళ్లున్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ అనే కంపెనీ అధికారి తవ్వించి మద్రాసుకు చేర్చినవి, 1859లో ఓడెక్కి లండన్‌కు వచ్చాయి. ఒక పలక మీద ఆ స్తూపమే చెక్కి ఉంది, చుట్టూ ప్రాకారంతో, గుమ్మం ముందు సింహాలతో. అమరేశ్వరుడి గుడికి వెళ్లినప్పుడల్లా ఆమె చూసింది మట్టిదిబ్బనే. అది నిండుగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో ఇక్కడ చూసింది.

ఇక్కడ టికెట్ లేదన్న మాట నిజమే. కానీ అమరావతిలో పుట్టినవాళ్లకు ఈ గదికి ప్రవేశ రుసుము వీసా, విమానం ఛార్జీ. ఆ బాధ నాకు తగ్గదు.

పిన్ని కళ్లజోడు సర్దుకుని ఆ పలక ముందు చాలాసేపు నిలబడింది. మూసే వేళయిందని చెప్పేదాకా కదల్లేదు. "రేపు మళ్లీ రావచ్చా?" అని అడిగింది. మర్నాడు బస్సెక్కి మళ్లీ వెళ్లాం.