చాకు
పిడిలోకి మడిచే చిన్న కత్తి. మాట పారసీకం నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ చాకుకు, 1890లో ఫ్రాన్స్‌లో పుట్టిన ఒపినెల్ చాకుకు పేరెక్కువ. పొన్నూరు వైపు పల్లెల్లో చాకు పొలం పనికి తోడు: పురికొస తెంపాలన్నా, గోతం కుట్టు విప్పాలన్నా, గట్టు మీద పచ్చి మామిడికాయ కోసి ఉప్పూ కారం అద్దాలన్నా అదే. చాకులంటే ఇష్టపడేవారు ఒకరిది ఒకరు అడిగి తీసుకుని, పదును మీద బొటనవేలు అడ్డంగా ఆనించి చూస్తారు. తుప్పు పట్టే పాతరకం ఉక్కే పదునుకు మేలు. అయితే మామిడి పులుపుకు అలుగు నల్లబడుతుంది. వెంటనే తుడిచి, చుక్క నూనె రాయాలి. విమానంలో చేతిసంచిలో చాకుకు అనుమతి లేదు. ఎవరికైనా ఇచ్చేటప్పుడు మడిచే ఇవ్వండి.