రిజర్వ్ కాక్ నుంచి హైబ్రిడ్ కారు దాకా: పెట్రోల్ ఇంకెంత దూరం వస్తుందో మనిషి ఎలా తెలుసుకున్నాడు?

ఈ ఎపిసోడ్‌లో యుద్ధాలు లేవు, రాజులు లేరు. పెట్రోల్ ముల్లు చరిత్ర చెప్తాను. నవ్వకండి. ఈ చరిత్ర తెలియక నేను మా అమ్మానాన్నల్ని రాత్రి తొమ్మిదింటికి నల్లమల అడవి మధ్యలో ఆపేశాను. ముందు ఆ సంగతి చెప్పి, అక్కడి నుంచి వెనక్కి వెళ్దాం.

పోయిన ఏడాది మా ఇంట్లో హైబ్రిడ్ కారు కొన్నాం. ఏ కంపెనీ అనేది వదిలేయండి, తప్పు కారుది కాదు, నాది. ఒక శుక్రవారం సాయంత్రం కూకట్‌పల్లి నుంచి శ్రీశైలం బయల్దేరాం. దూరం సుమారు 220 కిలోమీటర్లు. డ్యాష్‌బోర్డ్ మీద రేంజ్ 260 అని చూపిస్తోంది. ముల్లు మాత్రం పావు ట్యాంక్ దగ్గరుంది. నాన్న చూసి, "పావు కూడా లేనట్టుంది కదరా, కొట్టిద్దాం" అన్నారు. నేను బీటెక్ చదివినవాణ్ణి, ఐదేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేసినవాణ్ణి. "నాన్నా, కంప్యూటర్ లెక్కేసి చెప్తోంది, ఇంకా 40 కిలోమీటర్లు మిగుల్తుంది" అన్నాను.

కల్వకుర్తి దాటేసరికి ఆ మిగులు పోయింది. హాజీపూర్ దగ్గర రేంజ్ 98 ఉంది, వెళ్లాల్సింది సుమారు 95. నాన్న మళ్లీ అడిగారు. మన్ననూరు చెక్‌పోస్ట్ రాత్రి తొమ్మిదికి మూసేస్తారు, తెల్లారి ఆరు దాకా తీయరు. నాకు ఆ తొందర ఒకటి. పైగా అడవిలో స్పీడ్ తక్కువ కదా, బ్యాటరీ మీదే పోతుందిలే అనుకున్నాను. గేటు దాటాం. ఘాట్ ఎక్కాం. ఇంకో 30 కిలోమీటర్లు ఉందనగా ఇంజన్ ఆగిపోయింది. కారు ఇంకా కదుల్తోంది, చప్పుడు లేకుండా, బ్యాటరీ మీద. "ఆపురా, ఎక్కడో మలుపులో ఆగిపోతే మరీ ప్రమాదం" అని నాన్న అరిచేదాకా నేను నడుపుతూనే ఉన్నాను.

బయట చీకటి. అది పులుల అభయారణ్యం. ఫోన్లో సిగ్నల్ లేదు. గేటు మూసేశారు కాబట్టి వెనకాల కొత్త బండ్లు రావు. నాన్న బీపీ మాత్ర వేసుకునే టైమ్ అది. అమ్మ ఏమీ మాట్లాడలేదు, అదే ఎక్కువ భయం వేసింది.

ఇక్కడ ఆపుతాను. అక్కడి నుంచి ఎలా బయటపడ్డామో చివర్లో చెప్తాను. ఇప్పుడు 1888కి వెళ్దాం.

జర్మనీలో కార్ల్ బెంజ్ పెట్రోల్ బండి తయారు చేశాడు గానీ దాన్ని నమ్మి కొనేవాళ్లు లేరు. అప్పుడు ఆయన భార్య బెర్తా బెంజ్, ఆ ఏడాది ఆగస్టులో, భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి బయల్దేరింది. దూరం 100 కిలోమీటర్ల పైచిలుకు. బండిలో పట్టే ఇంధనం నాలుగున్నర లీటర్లు. దారిలో అది సరిపోలేదు. పెట్రోల్ బంకులు అప్పటికి పుట్టలేదు. విస్లోక్ అనే ఊళ్లో మందుల షాపుకెళ్లి లిగ్రాయిన్ కొన్నది. అది మరకలు తుడవడానికి వాడే ద్రవం. అందుకే ఆ మందుల షాపుని ప్రపంచంలో మొదటి పెట్రోల్ బంకు అంటారు. అంటే చూడండి, కారులో దూరప్రయాణం అనేది మొదలైన రోజునే "ఇది ఎంత దూరం వస్తుంది?" అనే ప్రశ్న కూడా మొదలైంది.

ఇరవై ఏళ్ల తర్వాత, 1908లో, ఫోర్డ్ మోడల్ టి వచ్చింది. కోటిన్నర బండ్లు అమ్ముడుపోయాయి. డ్యాష్‌బోర్డ్‌లో పెట్రోల్ ముల్లు లేదు! చాలా ఏళ్లు ట్యాంక్ ముందు సీటు కిందే ఉండేది. సీటు పైకెత్తి, మూత తీసి, గుర్తులు పెట్టిన కర్ర పుల్ల ముంచి చూసుకునేవాళ్లు. మన ఊళ్లో నూనె డబ్బాలో పుల్ల పెట్టి చూసినట్టే. ఆ బండిలో పెట్రోల్ పంపు కూడా లేదు, ట్యాంక్ నుంచి ఇంజన్‌కి పెట్రోల్ దానంతటదే కిందికి పారాలి. ట్యాంక్‌లో తక్కువ ఉన్నప్పుడు నిటారు గుట్ట ఎక్కితే పెట్రోల్ ఇంజన్‌కి అందేది కాదు. అప్పుడు ఏం చేసేవాళ్లు? బండి తిప్పి రివర్స్‌లో గుట్ట ఎక్కేవాళ్లు. ఎంత ఉందో కంటితో చూడటం, మిగతాది అనుభవంతో లెక్కేయడం, అదీ ఆనాటి పద్ధతి.

తర్వాత తేలే బెండు, దానికో కడ్డీ, కడ్డీ చివర కరెంటు నిరోధం మార్చే చిన్న పరికరం, దాంతో ముల్లు వచ్చాయి. ఇప్పటికీ చాలా బండ్లలో ట్యాంక్ లోపల ఉండేది అదే. కానీ అందరూ ముల్లు పెట్టలేదు. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ గుర్తుందా? దాంట్లో 1960ల మొదటి దాకా ముల్లే లేదు. బదులుగా ఒక రిజర్వ్ లివర్ ఉండేది. పెట్రోల్ అయిపోయి ఇంజన్ దగ్గగానే కాలితో దాన్ని తిప్పాలి. ఇంకో గ్యాలన్ దాకా దొరుకుతుంది, ఈలోగా బంకు వెతుక్కోవాలి.

రిజర్వ్ అనగానే మనకి బీటిల్ కాదు, బైకులు గుర్తొస్తాయి. రాజ్‌దూత్, ఎజ్డీ, బుల్లెట్, ట్యాంక్ కింద ఎడం పక్కన చిన్న కాక్. ఆన్, ఆఫ్, రిజర్వ్. చిన్నప్పుడు నేను రిజర్వ్ అంటే వేరే చిన్న ట్యాంక్ అనుకునేవాణ్ణి. కాదు. ట్యాంక్ ఒక్కటే. లోపల రెండు దారులుంటాయి, ఒకటి ఎత్తుగా నిలబడ్డ గొట్టం, ఇంకోటి అడుగున ఉన్న రంధ్రం. ఆన్‌లో ఉంటే ఎత్తు గొట్టం నుంచి వస్తుంది. పెట్రోల్ దానికంటే కిందికి దిగితే బండి దగ్గుతుంది. కాక్ తిప్పితే అడుగు రంధ్రం తెరుచుకుంటుంది. అంతే! కరెంటు లేదు, లెక్క లేదు. స్కూటర్ వాళ్లకైతే ఇంకో మెట్టు ఉంది, రిజర్వ్ కూడా అయిపోతే బండిని పక్కకి వంచి, మూల మిగిలిన చుక్కల్ని కార్బ్యురేటర్ వైపు పంపి ఇంకాస్త దూరం లాగేవాళ్లు.

ఈ కాక్‌లో నాకు నచ్చిన గుణం ఒకటుంది. ఎంత మిగిలిందో అది నంబర్ చెప్పదు. కానీ "ఇక చాలు" అని బండినే కుదిపి చెప్తుంది, చెప్పాక కూడా కొంత పక్కన పెట్టి ఉంచుతుంది. ఒకే ఒక్క జాగ్రత్త, పెట్రోల్ కొట్టించాక కాక్ మళ్లీ ఆన్‌లోకి తిప్పాలి. మర్చిపోతే ఈసారి హెచ్చరిక ఉండదు, ఏకంగా ఆగిపోతుంది. మా నాన్న బంకులో డబ్బులిచ్చే ముందే కాక్ తిప్పేవారు.

ఇక కంప్యూటర్ ఎప్పుడొచ్చింది? 1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికాలో లీటరు లీటరుకీ లెక్కలు మొదలయ్యాయి. 1978లో కాడిలాక్ సెవిల్ అనే ఖరీదైన కారులో, అదనపు డబ్బులిస్తే, మైక్రోప్రాసెసర్‌తో నడిచే ట్రిప్ కంప్యూటర్ పెట్టారు. ఉన్న పెట్రోల్‌తో ఇంకెన్ని మైళ్లు పోవచ్చో అది చెప్పేది. ఇక్కడొక పెద్ద మార్పు జరిగింది, జాగ్రత్తగా చూడండి. కర్ర పుల్ల చెప్పింది పెట్రోల్ గురించి. ముల్లు చెప్పిందీ పెట్రోల్ గురించే. ఈ అంకె చెప్పేది పెట్రోల్ గురించి కాదు, రేపటి గురించి. "నువ్వు ఇప్పటిదాకా ఎలా నడిపావో, ఇకపైనా అలాగే నడిపితే" అనే షరతు దాని వెనకుంటుంది. ఆ షరతు స్క్రీన్ మీద కనిపించదు. కోడ్ రాసినవాణ్ణి, నాకైనా తట్టాలి కదా! తట్టలేదు.

ఇప్పుడు హైబ్రిడ్ సంగతి. ఇది కొత్తది అనుకుంటాం గానీ, 1900లోనే వియన్నాలో లోనర్ కంపెనీలో పనిచేస్తున్న పాతికేళ్ల ఫెర్డినాండ్ పోర్షె హైబ్రిడ్ చేశాడు. పేరు సెంపర్ వివస్, లాటిన్‌లో 'ఎప్పుడూ ప్రాణంతో ఉండేది' అని అర్థం. చక్రాల్లో మోటార్లు. రెండు చిన్న పెట్రోల్ ఇంజన్ల పని కరెంటు పుట్టించడమే. బ్యాటరీ కార్లు కొంచెం దూరానికే చచ్చిపోతున్నాయి కాబట్టి ఆ ఆలోచన. అంటే హైబ్రిడ్ పుట్టిందే దూరం కోసం. కానీ పెట్రోల్ అయిపోతే కరెంటు పుట్టదు, అది ఆనాడూ అంతే.

తర్వాత 1990లలో టొయోటాలో తకేషి ఉచియమాడ టీమ్ ప్రియస్ మీద పని చేసింది. మొదటి ప్రోటోటైప్ 49 రోజుల పాటు కదల్లేదు. కదిలాక వెళ్లింది 500 మీటర్లు. అక్కడి నుంచి 1997 డిసెంబర్‌లో జపాన్ మార్కెట్లోకి వచ్చింది. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లు చాలామందికి రెండో తరం ప్రియస్ బాగా తెలుసు. దాంట్లో ఒక చిత్రం ఉంది. పెట్రోల్ ఆవిరి గాల్లో కలవకుండా, అక్కడ అమ్మిన బండ్ల ట్యాంక్ లోపల సాగే సంచి పెట్టారు. చలికి ఆ సంచి బిగుసుకునేది. అప్పుడు ఫుల్ కొట్టించినా పట్టేది తక్కువ. ఎంత పట్టిందో ఎంత ఉందో కచ్చితంగా తేలేది కాదు. ఖాళీ అయ్యేదాకా నడపొద్దు అని ఆ బండి ఉన్నవాళ్లు ఒకళ్లకొకళ్లు చెప్పుకునేవాళ్లు.

మన దగ్గర 2022లో వచ్చిన గ్రాండ్ విటారా హైబ్రిడ్‌నే లెక్కకి తీసుకుందాం. ట్యాంక్ 45 లీటర్లు, పరీక్షలో ఇచ్చిన మైలేజీ లీటరుకి 27.97 కిలోమీటర్లు. గుణిస్తే 1258. హైదరాబాద్ నుంచి చెన్నై వెళ్లి దాదాపు తిరిగి వచ్చేయొచ్చు! కానీ అది ల్యాబ్‌లో, రోలర్ల మీద.

బ్యాటరీ సంగతి చూద్దాం. దాని సామర్థ్యం 0.76 యూనిట్లు. లీటరు పెట్రోల్‌లో సుమారు 9 యూనిట్ల వేడి ఉంటుంది, ఇంజన్ దాంట్లో మూడో వంతు, అంటే 3 యూనిట్లు పనికి మారుస్తుందనుకుందాం. అప్పుడు నిండు బ్యాటరీ విలువ పావు లీటరు పెట్రోల్. అందులోనూ కారు మొత్తం వాడనివ్వదు. నేను అడవిలో "బ్యాటరీ ఉందిగా" అనుకున్నది ఈ పావు లీటరునే! అది రిజర్వ్ కాదు. బ్రేక్ వేసినప్పుడు పోయే శక్తిని దాచుకునే చిల్లర డబ్బా. పైగా చాలా హైబ్రిడ్లలో ఇంజన్‌ని స్టార్ట్ చేసేదే ఆ పెద్ద బ్యాటరీ. దాన్ని పూర్తిగా లాగేస్తే తర్వాత పెట్రోల్ పోసినా బండి లేవకపోవచ్చు, షోరూమ్ దాకా మోసుకెళ్లాలి. నాన్న ఆపమని అరవడం ఎంత మేలు చేసిందో నాకు తర్వాత అర్థమైంది. పెట్రోల్ పంపుకి ట్యాంక్‌లో ఉన్న పెట్రోలే చల్లదనం ఇస్తుంది, ఖాళీగా తిప్పితే దానికీ దెబ్బే.

మరి 260 ఎందుకు తప్పింది? అంతకు ముందు వారమంతా నేను పంజాగుట్ట ట్రాఫిక్‌లో నడిపాను. ఆగడం, కదలడం, హైబ్రిడ్‌కి అది పండగ. లీటరుకి 24 వచ్చింది. పావు ట్యాంక్ అంటే 11 లీటర్లు, 24తో గుణిస్తే 264. లెక్క కరెక్టే. హైవే మీద ఏసీ పెట్టి, నలుగురం, సామాను, స్పీడు, ఘాట్... 17 కంటే రాలేదు. 11 ఇంటూ 17, 187. కారు ఆగింది సరిగ్గా అక్కడే. మామూలు కారు సిటీలో తక్కువిచ్చి హైవేలో ఎక్కువిస్తుంది, కాబట్టి ఊరు దాటితే అంకె మనకి అనుకూలంగా మారుతుంది. హైబ్రిడ్‌లో చాలాసార్లు ఇది తిరగబడుతుంది. నాన్న తన పాత అనుభవంతో భయపడ్డారు, నేను సిటీ అంకెతో ధైర్యపడ్డాను.

ఇక అడవిలోకి వద్దాం. అరగంట తర్వాత ఎదురుగా ఒక పాత స్ప్లెండర్ వచ్చింది. పక్క పెంటకి వెళ్తున్న అబ్బాయి. "పెట్రోల్ అయిపోయిందా అన్నా? సీసాలుంటె ఇయ్యిండ్రి" అన్నాడు. రెండు నీళ్ల సీసాలిచ్చాం. ట్యాంక్ కింద పైపు లాగి, కాక్ తిప్పాడు. నాన్న టార్చి దూరం నుంచి పట్టుకున్నారు. రెండు సీసాలూ నింపి, ఇక తన బండిలో రిజర్వే మిగిలిందని చూపించాడు. "మా ఊరు దాకా సాలు" అన్నాడు. డబ్బులిస్తే పెట్రోల్ రేటు మటుకే తీసుకున్నాడు. మా కారు మూడోసారికి స్టార్ట్ అయ్యింది.

తిరిగొచ్చాక నేను పెట్టుకున్న పద్ధతి చెప్తాను. కారులో ఇప్పుడు కాక్ లేదు, కాబట్టి కాక్ నేనే. పావు ట్యాంక్ నా రిజర్వ్. అక్కడికి ముల్లు వచ్చిందంటే బండి దగ్గినట్టే, తర్వాత కనిపించే బంకులో కొట్టిస్తాను. 45 లీటర్ల ట్యాంక్‌లో పావు తీసేస్తే 34 లీటర్లు. మైలేజీ ఎప్పుడూ నాకు వచ్చిన అత్యంత తక్కువది తీసుకుంటాను, 16 అనుకోండి, 540 కిలోమీటర్లు. బ్రోచర్ 1258 అననివ్వండి, హైవే మీద నా సమాధానం 540. సిటీలో 22 వస్తే 750. అడవో, ఘాటో, రాత్రి ప్రయాణమో ఉంటే ముల్లు ఎక్కడున్నా సరే ముందు ఫుల్ చేయించి బయల్దేరతాను. ఫుల్ నుంచి ఫుల్‌కి ఎన్ని లీటర్లు పట్టింది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఒక చిన్న పుస్తకంలో రాస్తున్నాను. ఆ పుస్తకం నాన్న రాజ్‌దూత్ రోజుల నాటిది. సగం పేజీలు ఆయన లెక్కలే.

మొన్న మళ్లీ శ్రీశైలం వెళ్లాం. కల్వకుర్తిలో ముల్లు సగం పైనే ఉంది. నేనే బంకులోకి తిప్పాను. నాన్న ఏమీ అనలేదు, దిగి టైర్లలో గాలి చూపిస్తున్నారు.

మీ ఇంట్లో ఇలాంటి పెట్రోల్ కథ ఉంటే రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాను. ఉంటానండీ, జాగ్రత్తగా వెళ్లండి.