నాగార్జునకొండ: లోయ ద్వీపమైన వృత్తాంతము

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల విద్యార్థులు ఒక్క దినములో చూచి రాదగిన ప్రాచీన స్థలములలో నాగార్జునకొండ ముఖ్యమైనది. మిర్యాలగూడ మీదుగా సాగరమునకు పోయి, దక్షిణ విజయపురి రేవున లాంచి యెక్కినచో నీటి నడుమ ఆ కొండ కానవచ్చును. దానిని ద్వీపమని వ్యవహరించుట లోకమున స్థిరపడినది. కాని ఇక్ష్వాకుల కాలమున అది ద్వీపము కాదు. ఈ సంగతిని విస్మరించినచో అచ్చటి శాసనములు సైతము సరిగా బోధపడవు.

క్రీ.శ. 3, 4 శతాబ్దులలో ఇక్ష్వాకులకు రాజధానియైన విజయపురి, కొండల నడుమ లోయలో కృష్ణ కుడిగట్టున వెలసిన నగరము. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధ మొనర్చెను. అతని సోదరి చాంతిశ్రీ బౌద్ధ మహాచైత్యమునకు పోషకురాలయ్యెను. 1926లో ఏ. ఆర్. సరస్వతి ఈ శిథిలములను గుర్తించిన పిమ్మట, 1927-31 నడుమ లాంగ్‌హర్స్ట్ త్రవ్వకములు సాగించెను. జలాశయమున లోయ మునుగనున్నదని తేలగా, ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వమున 1954 నుండి 1960 వరకు విస్తృతమైన త్రవ్వకములు జరిగినవి. ఆనకట్టకు శంకుస్థాపన 1955 డిసెంబరు 10న జరిగెను. తొమ్మిది కట్టడములను కొండపై తిరిగి నిర్మించిరి; మరి కొన్నింటికి నమూనాలు చేసిరి. ప్రేక్షకుల మెట్లవరుసలతో కూడిన రంగశాల మున్నగునవి అనుపులో తిరిగి వెలసినవి. కావున నేడు మనము చూచునవి ప్రాచీనములే. వాని చోటు మాత్రము ప్రాచీనము కాదు.

ఈ భేదమెంతటిదో ఉపాసిక బోధిశ్రీ శాసనము తెలుపును. వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరమునాటి ఈ ప్రాకృత శాసనము, ఆమె సింహళాచార్యుల కొరకు కట్టించిన చైత్యగృహము విజయపురికి తూర్పు దిక్కున, చుళధమ్మగిరిపై నున్నట్లు చెప్పుచున్నది. ఆ తూర్పును నిర్ణయించుటకు నగరము కావలెను. నగరము నీటి క్రిందనున్నది. కొండపై చైత్యమును చూచు విద్యార్థికి శిల్పము దక్కును, దిక్కు దక్కదు. దానిని తిరిగి చూపగలిగినవి త్రవ్వకముల నివేదికలు, పటములు మాత్రమే.

స్వస్థానమున నిలిచిన శిథిలమునకు గల విలువ ఫణిగిరిలో తెలియును. సూర్యాపేటకు సుమారు 40 కిలోమీటర్ల దూరముననున్న ఆ బౌద్ధక్షేత్రమున, రుద్రపురుషదత్తుని 18వ పాలనా సంవత్సరపు శాసనము లభించినది. రాజవైద్య ముఖ్యుడొకడు ధర్మచక్రమును నెలకొల్పిన విషయము అందు కలదు. అంతకుముందు ఆ రాజు పాలన 11వ సంవత్సరము వరకే తెలిసియుండెను. ఒక్క స్తంభము ఆ వంశచరిత్రను ఏడేండ్లు పొడిగించినది. విజయపురి రాజుల ప్రాభవము కృష్ణకు ఉత్తరమున ఇంత దూరము వ్యాపించెనని నిరూపించినది.

కావున విద్యార్థులను నాగార్జునకొండకు కొనిపోవు అధ్యాపకుడు మునిగిన లోయ పటమును వెంట నుంచుకొనుట, లాంచి కదలుటకు పూర్వమే దానిని వారికి చూపుట ఉచితము. వేరొక దినమున ఫణిగిరికి కూడ వారిని కొనిపోవలెను. మొదటి స్థలమున రక్షింపబడినదేదో, రెండవ స్థలమున రక్షింపవలసినదేదో వారు గ్రహించిననాడు యాత్ర సఫలమగును.