అడగని ప్రశ్నకు వచ్చిన జవాబు: 1953 బళ్ళారి విభజనలో ఆదోని, ఎమ్మిగనూరు

బళ్ళారి తగాదా మీద తెలుగులో వచ్చిన రచనలు చాలావరకు బళ్ళారి పట్టణం దగ్గర మొదలై అక్కడే ముగుస్తాయి. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్ళారి రాఘవ తెలుగు నాటకాన్ని పెంచిన ఊరు చేజారిపోయిందన్న బాధ వాటికి ప్రాణం. ఆ బాధ న్యాయమైనదే. అయితే ఆ బాధలో పడి మన చరిత్రకారులు పక్క తాలూకాలను మరిచిపోయారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ‘వివాదం లేకుండా’ ఆంధ్రకు దక్కాయని ఒక్క ముక్కలో తేల్చేసి మళ్ళీ బళ్ళారికి వెళ్ళిపోతారు. ఆ ఒక్క ముక్కే నాకు అభ్యంతరం. వివాదం లేదని ఎవరు చెప్పారు? ఎవరిని అడిగి చెప్పారు?

ఇంతకుముందు తీర్పు చెప్పినవారు ముఖ్యంగా నలుగురు. 1921లో కాంగ్రెసు మధ్యవర్తిగా ఎన్.సి. కేల్కర్, 1953 ఆరంభంలో జస్టిస్ వాంఛూ, అదే ఏడాది బళ్ళారి తాలూకా కోసం ప్రత్యేకంగా నియమితులైన జస్టిస్ ఎల్.ఎస్. మిశ్రా, 1955లో ఫజల్ అలీ, కుంజ్రూ, పణిక్కర్‌లతో కూడిన రాష్ట్రాల పునర్విభజన సంఘం. వీరిలో తరవాతి చరిత్ర రచనను శాసించింది మిశ్రా నివేదికే. అందుకే నా వాదం ప్రధానంగా దానితోనే. హైదరాబాదు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న మిశ్రాగారి నిష్పాక్షికతను ఎవరూ శంకించనక్కరలేదు. చిక్కంతా ఆయన పట్టుకున్న కొలబద్దలో ఉంది. ఆ తాలూకాలో ఏ భాషకూ తిరుగులేని ఆధిక్యం లేదు. అయినా భాష లెక్కే ప్రధానంగా నిలిచింది, తక్కిన సంబంధాలన్నీ దాని వెనక్కి పోయాయి. మాతృభాష ఏదని జనగణన గుమాస్తా అడిగిన ప్రశ్నకు చెప్పిన జవాబును, ఏ రాష్ట్రంలో ఉంటారన్న ప్రశ్నకు జవాబుగా చదువుకున్నారు. ఆ రెండో ప్రశ్నను ఓటు పెట్టి జనాన్ని ఎవరూ అడగలేదు.

మిశ్రాగారి పరిశీలన బళ్ళారి తాలూకాకే పరిమితం కదా అనవచ్చు. నా అభ్యంతరం అక్కడే బలపడుతుంది. 1953 మార్చి 25న నెహ్రూ ప్రకటనతో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు ఖాయమయ్యాయి, బళ్ళారి తాలూకా సంగతి తరవాత తేలుస్తామన్నారు. ఆ క్షణం నుంచి తగాదా అంటే బళ్ళారి ఒక్కటే అయింది. విచారణ బళ్ళారికి దక్కింది, వినతిపత్రాలు బళ్ళారికి దక్కాయి, సాక్ష్యం చెప్పే అవకాశం బళ్ళారికి దక్కింది. అప్పటికి ఆదోని తాలూకాలో భాగంగా ఉన్న ఎమ్మిగనూరుకు ఆ అవకాశం కూడా రాలేదు. ‘వివాదం లేని తాలూకా’ అన్న మాట ఒక వాస్తవాన్ని వర్ణించినట్టు కనిపిస్తుంది. నిజానికి అది ఒక నిర్ణయం, అదీ జనాన్ని అడగకుండా జరిగిన నిర్ణయం.

క్షేత్రంలో కనిపించే సాక్ష్యం మరోలా ఉంది. ఆదోని ప్రాంతంలో పాత ఆస్తి దస్తావేజులు తిరగేస్తే ఈ సంగతి కళ్ళకు కడుతుంది. మడతల దగ్గర చిరిగిన స్టాంపు కాగితం, పైన బళ్ళారి జిల్లా, ఆదవాని (ఆదోని) తాలూకా అన్న చిరునామా, కింద సాక్షుల వరస. ఒక సంతకం తెలుగులో, దాని కింద కన్నడంలో, పక్కన ఉర్దూలో, చివర ఒక నిశాని. ఒకే పొలం అమ్మకానికి నలుగురు సాక్షులు నాలుగు తీర్లుగా సాక్ష్యం పెట్టినా ఆ వ్యవహారానికి అడ్డేమీ రాలేదు. జనగణన పట్టికలో ఈ నలుగురూ వేరు వేరు గడుల్లోకి పోతారు, బతుకులో మాత్రం ఒకే చావడి మీద కూర్చుంటారు.

ఎమ్మిగనూరులో ఇది ఇంకా స్పష్టం. కుర్ని నేతగాళ్ళ ఇళ్ళలో కన్నడం, బజారులో తెలుగు, నూలు బేరాల్లో అవసరాన్ని బట్టి ఉర్దూ వినిపించేవి. 1938లో మాచాని సోమప్ప స్థాపించిన నేత సహకార సంఘం ఏ భాషవాడివని అడిగి మగ్గం ఇవ్వలేదు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చేనాటికి ఎమ్మిగనూరు బళ్ళారి జిల్లా నుంచి కర్నూలు జిల్లాకు మారిపోయి ఉంది. సంఘం అదే, మగ్గం అదే, మారింది జిల్లా, రాష్ట్రమే.

పత్తి సంగతి కూడా అంతే. కర్నూలు, నంద్యాల వైపు పత్తి వ్యాపారంలో నార్తర్న్స్ అయితే, బళ్ళారి వైపు పత్తి వెస్టర్న్స్. ఆదోని నల్లరేగడి ఈ రెండోదానితో ముడిపడిన నేల. జిల్లా కచేరి, జిల్లా కోర్టు ఉన్న బళ్ళారి ఆదోనికి సుమారు 70 కిలోమీటర్లు. కొత్త జిల్లా కేంద్రం కర్నూలు సుమారు 100 కిలోమీటర్లు. వ్యాజ్యం ఉన్న రైతుకు ఆ తేడా ఒక పూట తిండి, ఒక రాత్రి మకాం. హొళగుంద మండలం దేవరగట్టులో దసరా బన్ని ఉత్సవానికి, కౌతాళం మండలంలోని ఉరుకుంద ఈరన్న దగ్గరికి ఇప్పటికీ కర్ణాటక భక్తులు వస్తూనే ఉన్నారు. సరిహద్దు వచ్చి ఏడు దశాబ్దాలు దాటినా దేవుళ్ళ దగ్గర అది ఇంకా అమలు కాలేదు.

కేల్కర్ తీర్పులోనే ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయనీ, ఆదోనిలో ఆంధ్ర రాష్ట్రాన్ని కోరుకున్నవారు చాలామంది ఉన్నారనీ ఒప్పుకోవలసిందే. అయినా కోరుకున్నవారు ఉండడం వేరు, అందరినీ అడగడం వేరు.

ఇక నెహ్రూ వ్యవహరించిన తీరు. పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచారు. నాలుగు రోజులకే, 19న, ఆంధ్ర రాష్ట్ర ప్రకటన వచ్చింది. అక్కడినుంచి అంతా వేగంగా నడిచింది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ప్రకాశం ముఖ్యమంత్రి అయ్యారు. మిశ్రా నివేదికను ఆమోదించి బళ్ళారి తాలూకాను మైసూరుకు ఇచ్చారు. ఇది జనం తీర్పని కన్నడిగులు సంబరపడ్డారు, జనాన్ని అడగలేదని తెలుగువారు మండిపడ్డారు. బళ్ళారిలో విలీనోత్సవ పందిరికి కాపలా ఉన్న పైల్వాన్ రంజాన్ సాహెబ్ యాసిడ్ దాడిలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. భాష పేరుతో జరిగిన విభజనలో ఒక ఉర్దూ ఇంటి మనిషి కన్నడం పక్షాన చనిపోవడం జనగణన గడులు ఎంత చాలనివో చెబుతుంది.

1955లో పునర్విభజన సంఘం ఆ తీర్పును తిరగదోడింది. తుంగభద్ర ప్రాజెక్టు నిర్వహణను, రాయలసీమతో ఉన్న సంబంధాలను లెక్కలోకి తీసుకుని బళ్ళారి, హొసపేట, సిరుగుప్ప తాలూకాలను, మల్లాపురం ఉపతాలూకాలో కొంత భాగాన్ని ఆంధ్రకు చేర్చాలని సిఫారసు చేసింది. బళ్ళారి భగ్గుమంది. ఈసారి నెహ్రూ ప్రభుత్వం సంఘం మాటను పక్కనబెట్టింది. మూడేళ్ళలో రెండు విచారణలు రెండు రకాలుగా చెప్తే, ఒకటి అంతిమమనీ మరొకటి సలహా మాత్రమేననీ ఢిల్లీ నిర్ణయించింది. తీర్పు అయిపోయిందని ఒక పక్షం, తీర్పు చెప్పింది జనం కాదని మరో పక్షం వాదులాడుకున్నాయి. ఆ వాదంలోనూ ఆదోని పేరు పెద్దగా వినిపించలేదు.

జనాన్ని నేరుగా అడగడం మన దేశానికి తెలియని పద్ధతి ఏమీ కాదు. 1947లో సిల్హట్‌లో, 1948 ఫిబ్రవరిలో జునాగఢ్‌లో, 1949లో చందర్‌నగర్‌లో అడిగారు. 1967 జనవరిలో గోవాలోనూ అడిగారు. అడిగితే గొడవ ఉండదని నేను అనను. 1920లో ష్లెస్‌విగ్‌లో రెండు మండలాలుగా ఓటు పెట్టారు. ఉత్తర మండలం డెన్మార్కును, దక్షిణాన ఫ్లెన్స్‌బర్గ్ ఉన్న మండలం జర్మనీని కోరుకున్నాయి. ఫ్లెన్స్‌బర్గ్‌ను వదలలేని రాజు పదో క్రిస్టియన్ ఓటు ఫలితానికి కట్టుబడిన ప్రధాని జాలెను తొలగించాడు. జనం తిరగబడ్డారు, చివరికి రాజే వెనక్కి తగ్గాడు. అక్కడ నాయకుణ్ణి నిలదీయడానికి జనం చేతిలో ఒక ఓటు లెక్క ఉంది. ఆదోని వాసికి నిలదీయడానికి ఏమీ లేదు, ఎందుకంటే ఓటే లేదు. రాజ్యాంగం మూడో అధికరణం కూడా శాసనసభ అభిప్రాయం అడగమంటుందే తప్ప తాలూకా జనాన్ని అడగమనదు.

కనీసం గ్రామం ప్రమాణంగానైనా చూశారా? 1957లో ఆంధ్ర, మద్రాసు సరిహద్దు తేల్చిన పటాస్కర్ గ్రామాన్నే ప్రమాణంగా తీసుకున్నారు. నాలుగేళ్ళ ముందు ఆదోని విషయంలో తాలూకా మొత్తాన్ని ఒకే ముద్దగా తూచారు. పడమటి అంచున ఉన్న కన్నడ గ్రామాలు ఆ తూకంలో కనబడకుండా పోయాయి. ఆ ప్రాంతంలో ఇవాళ్టికీ కన్నడ మాధ్యమ బడులు నడుస్తుండడం అలాంటి గ్రామాలు ఉన్నాయనడానికి ఒక సూచన.

దీని పర్యవసానాలు 1953తో ఆగలేదు. తుంగభద్ర దిగువ కాలువ సుమారు 250 కిలోమీటర్లు బోర్డు అధీనంలో నడిచిన తరవాతే మన చేతికి వస్తుంది. ఆంధ్ర వాటాగా దానికి కేటాయించినవి 24 టీఎంసీలు. పైన మళ్ళించుకోగా మిగిలినవి కిందికి వస్తాయన్నది ఆదోని, ఎమ్మిగనూరు రైతుల నిత్య ఫిర్యాదు. కాలువ పైభాగం, కిందిభాగం ఒకే పాలనలో ఉండి ఉంటే ఈ ఫిర్యాదు ఇంత తీవ్రంగా ఉండేది కాదేమో. నీళ్ళు లేని పొలం మనిషిని సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు తరుముతుంది. ఈ పడమటి పల్లెలు పిల్లాపాపలతో గుంటూరు మిరప చేలకు తరలిపోవడానికి మూలాలు వెతికితే వాటిలో ఒకటి 1953లోనూ కనిపిస్తుంది. 2013లో కర్నూలు, అనంతపురం జిల్లాలను తెలంగాణలో కలిపే రాయల తెలంగాణ ప్రతిపాదన వచ్చి, డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం పది జిల్లాల తెలంగాణకే మొగ్గడంతో పోయింది. వచ్చినప్పుడూ ఆదోనిని అడగలేదు, పోయినప్పుడూ అడగలేదు. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా అయింది, ఆదోని రెవెన్యూ డివిజన్‌గానే మిగిలింది. జిల్లా కావాలన్న కోరిక ఇప్పటికీ కోరికగానే ఉంది.

1953, 2013, 2022 అన్న ఈ మూడు సందర్భాలనూ వేరు వేరుగా చదవడం మన పరిశోధనలో పాతుకుపోయిన లోపం. ఇవన్నీ ఒకే పద్ధతికి మూడు కొమ్మలని నాకు తోస్తుంది: ఈ నేలను గురించి నిర్ణయించాలి, ఈ నేలను మాత్రం అడగకూడదు. కాబట్టి బళ్ళారి పోయిందన్న శోకాన్ని చరిత్రగా రాయడం ఇక చాలించాలి. ఆదోని ఎలా ‘వచ్చింది’ అన్నది మొదటి ప్రశ్నగా పెట్టుకుని, ఫిర్కా లెక్కలు, గ్రామ దస్త్రాలు, రిజిస్ట్రారు కచేరీ కాగితాలు ముందేసుకుని 1953ను మళ్ళీ రాయాలి. అలా రాసిననాడు ఆంధ్ర రాష్ట్ర అవతరణ కథ మధ్యలో నిలబడవలసిన ఊర్లు ఆదోని, ఎమ్మిగనూరులేనని తేలుతుందని నా నమ్మకం.